వసంత వెనక్కి తెచ్చుకున్న డిస్కు

కోరుట్లలో వసంత పనిచేసుకునే గదిలో కొన్నాళ్లుగా బల్లి తెగ పలుకుతోంది. గోడలన్నీ వెతికినా బల్లి కనపడదు. ఆమె ఏదైనా మాట అనగానే మాత్రం ఔనన్నట్టు టిక్కు టిక్కుమని వినపడుతుంది. బల్లి పలికితే అన్న మాట నిజమవుతుందని అందరికీ తెలిసిందే కదా. వసంత కూడా చూపుడువేలితో బల్లను తట్టి, సత్యం సత్యం అనుకుంటూ మురిసిపోయేది.

మస్కట్‌లో ట్రెయిలర్ నడిపే భర్త మధుకర్‌తో ఒకరోజు ఫోన్‌లో మాట్లాడుతూ, "గీసారి దసరకు రాకుంటే నేనే విమానమెక్కి అస్త, సూడు" అంది. టిక్కు టిక్కు.

"ఇన్నవా? బల్లి సుత సత్యం పల్కింది."

"గా బల్లికి వీసా ఎవడిస్తడే?" అని మధుకర్ నవ్వాడు.

ఆ బల్లి గుట్టు బయటపెట్టింది వసంతతో కలిసి పనిచేసే పుష్ప. ఆమె కెమెరా భుజాన వేసుకొని వచ్చి, చెప్పులు విడుస్తూనే చెవి రిక్కించింది. నేరుగా కంప్యూటర్ పక్కనున్న నల్ల డబ్బా దగ్గరికి పోయి చెవి ఆనించింది.

"అక్కా, బల్లి గోడ మీదుంటది గని డబ్బల ఉంటదా? హార్డ్ డిస్కు కొట్టుకుంటున్నది. దీని పని అయిపోయినట్టే."

వసంత గబగబా కంప్యూటర్ తెరిచి చూసింది. రోజూ కనపడే డిస్కు గుర్తు అందులో లేదు. వైరు తీసి మళ్లీ పెట్టింది, కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది, పుష్ప వద్దన్నా ఒకసారి అరచేత్తో తట్టి కూడా చూసింది. టిక్కు టిక్కు. అంతే.

ఆ డబ్బాలో ఏముందో చెప్పాలంటే ముందు వసంత సంగతి చెప్పాలి. ఆమె రుద్రంగిలో వ్యవసాయం చేసుకునే నర్సన్న బిడ్డ. పదో తరగతి అయ్యాక కోరుట్లకు కోడలిగా వచ్చింది. అత్తతో కలిసి బీడీలు చుట్టుకుంటూ ఉన్న ఆమెను ఈ పనిలోకి దింపింది ఆమె సొంత పెళ్లి వీడియోనే. ఆ వీడియోలో తన తండ్రికి బదులు ఎవరో బట్టతలాయన పెళ్లికొడుకు కాళ్లు కడుగుతున్నాడు. ఆయన ఎవరో అటు పుట్టింటి వాళ్లకూ తెలియదు, ఇటు అత్తింటి వాళ్లకూ తెలియదు. వసంత స్టూడియోకు పోయి కొట్లాడింది. "తప్పయింది చెల్లె, కూసో, నీ ముందల్నే మారుస్త" అన్నాడు స్టూడియో ఆయన. ఆమె కూర్చుంది. అతడు ఒక ముక్కను కోసి ఇంకో ముక్కకు ఎలా అతికిస్తున్నాడో, పాట ఎక్కడ ఎత్తుకుంటున్నాడో కళ్లార్పకుండా చూసింది. మరునాడు పని లేకపోయినా పోయి కూర్చుంది. ఆ మరునాడూ అంతే. చివరికి ఆయనే విసిగి ఒక కుర్చీ, ఒక మౌసు ఇచ్చాడు. పెళ్లిళ్లకు తీసిన వీడియోను ఇలా కోసి కుట్టి సినిమాలా చేయడాన్నే మిక్సింగ్ అంటారు. కొన్నేళ్లకు వసంత ఇంటి ముందరి గదిలో తానే మిక్సింగ్ పెట్టింది.

పని నడిచింది గానీ పేరు వచ్చింది మాత్రం ఇంకొక కారణం వల్ల. ఊళ్లో ఒక స్టూడియో వాడు, మా పని ఇలా ఉంటుందని కొత్త గిరాకీలకు చూపించడానికి, ఎవరిదో నలుగు వీడియో పెట్టాడు. తడిసిన పసుపు చీరలో, విరబోసుకున్న జుట్టుతో, నలుగురు ఆడవాళ్ల మధ్య కూర్చున్న పెళ్లికూతురు. చూసిన వాళ్లలో ఆ అమ్మాయి అత్తగారి ఊరి వాళ్లు ఉన్నారు. మాట ఊరు దాటింది. ఆ పిల్ల చాలాకాలం గడప దాటలేదు. అప్పటి నుంచి ఆడపిల్లలున్న తల్లులు మగవాళ్లు నడిపే స్టూడియోల్లో నలుగు, మంగళస్నానం వీడియోలు ఇవ్వడం మానేసి వసంత దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఆ గదుల్లోకి మగ కెమెరా పోదు కాబట్టి పుష్ప వచ్చి చేరింది. పుష్పది మల్లాపూర్. తండ్రి యోహాను కూలి పని చేసేవాడు. క్రిస్మస్ ఆటపాటలు తీస్తూ తీస్తూ చర్చిలో కెమెరా నేర్చుకున్న పిల్ల ఆమె.

తల్లులందరూ అడిగే మాట ఒకటే. "బిడ్డా, ఇది ఎటువోదు గదా?"

వసంత చెప్పే మాటా ఒకటే. "ఎప్పుడడిగినా దొరుకుతది. నా అర్ర దాటి ఇంకొకల చేతికి పోదు."

ఆ మాట ఇచ్చి దాచిన వీడియోలన్నీ ఆ నల్ల డబ్బాలోనే ఉన్నాయి. సినిమాలు చేసి ఎవరివి వాళ్లకు ఇచ్చేసింది కాబట్టి పెళ్లిళ్లేమీ పోలేదు. పోయింది అసలు తీసిన సరుకు. అందులోనే సినిమాకు పనికిరావని పక్కన పెట్టినవీ, ఎవరూ చూడకూడనివీ ఉంటాయి.

డిస్కుకు వారంటీ ఇంకా ఉంది. ఇద్దరూ బస్సెక్కి జగిత్యాల పోయారు. అక్కడ కుమార్‌ది కంప్యూటర్ షాపు. వసంత కొన్నవన్నీ అతడి దగ్గరివే. అతడు డిస్కును తన కంప్యూటర్‌కు తగిలించి, ఒక నిమిషం ఆ టిక్కు టిక్కు విని, డాక్టరులా తలూపాడు.

"లేవదక్కా. లోపల సూది కొట్టుకుంటున్నది. వారంటీ ఉన్నది, ఫికరెందుకు? పంపిస్త, బదులు వేరేది అస్తది."

"ఏ కంపెనీది మంచిదే తమ్మీ? ఈసారి గదే కొంట" అని అడిగింది వసంత.

"ఒక్కొక్కలు ఒక్కొక్క కంపెనీ మీద ఒట్టేసి చెప్తరక్కా. ఎవలది పోలేదో వాళ్లకు గదే మంచి కంపెనీ. పోయినోన్ని అడుగు, తిట్లు తిడ్తడు. తిరిగేది ఏదైనా ఎప్పటికో ఒకప్పటికి ఆగుతది."

"మనుషులకు చెప్పినట్టే చెప్తున్నవు" అంది పుష్ప.

"మనిషికి వారంటీ సుత లేదు గదనే" అని కుమార్ డిస్కు మీద వసంత పేరు రాసిన ప్లాస్టర్ అంటించి, డబ్బాలో పెట్టాడు. శ్రావణమాసం ముహూర్తాలు దగ్గరికొచ్చాయి. దానికి ముందే బదులు డిస్కు వస్తుందన్న ధీమాతో వసంత ఇంటికొచ్చి అన్నం వండుకుంది.

మరునాడు పొద్దున రాజవ్వ వచ్చింది. ఆమె వెనక వీధిలో ఉంటుంది. మనుమరాలు మంగ పెళ్లి సినిమా వసంతే చేసింది. రాజవ్వకు తెలియని సంగతి ఊళ్లో ఉండకూడదు. ఉంటే ఆమెకు అన్నం సహించదు. నల్ల డబ్బా ఉండే చోటు బోసిగా కనపడగానే గుమ్మంలోనే ఆగిపోయింది.

"గా డబ్బ ఏదే? మా మంగ ఉన్న డబ్బ."

"ఖరాబైందవ్వా. కంపెనీకి పంపిన. వాళ్లు బదులుకు ఇంకోటి ఇస్తరు."

"పైసలు లేకుంట?"

"పైసలు లేకుంట."

రాజవ్వ కుర్చీలో కూర్చుని, కాళ్లు చాపుకొని, ఆలోచించింది. "గదేందే? చెడిపోయిన వంకాయ వాపస్ ఇస్తే కూరగాయలామె మొకాన కొడ్తది. కుండ పగిలితే కుమ్మరోడు పెంకులు తీసుకొని కొత్త కుండ ఇస్తడా? మరి గా కంపెనోడు చెడిపోయిన డబ్బను తీసుకపోయి ఏం జేసుకుంటడు?"

ఆ ప్రశ్న వసంతకు ఎప్పుడూ రాలేదు. వాడికి పనికిరానిదైతే వెనక్కి ఎందుకు అడుగుతాడు?

పొద్దున్నే పనికి వచ్చి ఇదంతా వింటున్న పుష్ప బల్ల మీదున్న చిన్న డిస్కును తిప్పి చూసింది. పోయిన ఏడాది పాటలు పెట్టుకునే డిస్కు చెడిపోతే వారంటీ కింద వచ్చినది అది. దాని చీటీ మీద ఆకుపచ్చ గీత, గీత కింద చీమ తలంత ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. పుష్ప కళ్లు చికిలించి చదివింది.

"అక్కా, ఇది కొత్తది కాదు. ఇది సుత ఎవలదో పాడైందే. మంచిగ జేసి మనకిచ్చిండ్రట."

ముగ్గురూ ఆ డిస్కు వైపు చూశారు. ఇంట్లో ఇన్నాళ్లూ ఎవరో తెలియని మనిషి ఉన్నట్టు అనిపించింది వసంతకు.

"అయితే మా మంగ నలుగు గిట్లనే ఇంకెవలింటికో పోతదా?" అంది రాజవ్వ. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

వసంత కుమార్‌కు ఫోన్ చేసింది.

"అవునక్కా, కొన్ని బాగు జేసి తిప్పి పంపుతరు. అయితే ఏమైంది? లోపలున్నది తుడుస్తరు."

"తుడిసినట్టు నువ్వు సూసినవా?"

"నేనెట్ల సూస్తనక్కా?"

"మరి నేనే తుడిసి ఇస్త. వాపస్ ఇయ్యి."

"తుడవాల్నంటే అది లేవాలె గదా. లేస్తే పాడైనట్టే కాదు గదా." కుమార్ మెల్లగా అన్నాడు. "డబ్బ పొద్దున్నే బస్సు కార్గోల సిరిసిల్లకు ఎక్కిచ్చిన. మన చుట్టుపక్కలయన్ని సాయికుమార్ అని ఆడ జమచేసి హైదరాబాద్ పంపుతడు. ఇయ్యాల పంపుతడో రేపు పంపుతడో నాకెరుక లేదు."

వసంత చెప్పులేసుకుంది. రాజవ్వ నేనూ వస్తానంది. "నువ్వు అస్తే తొవ్వపొంటి బస్సుల అందరికి కథ చెప్తవవ్వా. ఇంట్లుండు" అని దండం పెట్టి బయటపడింది.

వేములవాడ దాకా బస్సు గుడికి పోయే జనంతో కిక్కిరిసి ఉంది. పక్కన కూర్చున్నామె ఒడిలో బెల్లం ముద్దలు పెట్టుకొని, మొక్కు సంగతి చెబుతూనే ఉంది. వసంత ఊఁ కొడుతోంది గానీ మనసు ఆ డబ్బా వెంబడే పోతోంది. ఇచ్చిన మాటను తిరగేసి మరగేసి చూసుకుంది. ఎప్పుడడిగినా దొరుకుతుందన్నది. ఆ సగం మాటను డిస్కు మింగేసింది, చేసేదేమీ లేదు. ఇంకొకరి చేతికి పోదన్నది. ఆ సగం ఇంకా తన చేతిలోనే ఉంది. డబ్బా హైదరాబాద్ బస్సు ఎక్కితే అది కూడా ఉండదు.

సిరిసిల్లలో సాయికుమార్ గది పవర్‌లూమ్ షెడ్డుకు ఆనుకొని ఉంది. మగ్గాల చప్పుడుకు గోడలు అదురుతున్నాయి. లోపల ఒక పెద్ద అట్టపెట్టె నిండా డిస్కులు. ఒక్కోదాని మీద ఒక్కో ప్లాస్టర్. ఒకటి బడిది, ఒకటి స్కానింగ్ సెంటర్‌ది, ఒకటి ఎవరో ఫొటోగ్రాఫర్‌ది. అన్నీ మూగగా, ఒకే తీరుగా ఉన్నాయి. పెట్టెకు ఇంకా టేపు వేయలేదు. వసంత గుండె కుదుటపడింది.

"ఏం గావాలమ్మా?" అని సాయికుమార్ మగ్గాల చప్పుడును మించి అరిచాడు.

"నా డిస్కు వాపస్ గావాలె!" అని వసంత కూడా అరిచింది.

"ఎందుకు? వారంటీ ఉన్నది గదా!"

"ఉన్నా వద్దు!"

"ఏమున్నది గంత అందుల?"

గొంతు చించుకుని వసంత చెప్పబోయింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఆడపిల్లల నలుగులున్నయి అందుల!"

ఆ మాట గదిలోంచి షెడ్డులోకి, షెడ్డులోంచి వీధిలోకి పోయింది. గుమ్మంలోకి ముగ్గురు నేత పనివాళ్లు తొంగిచూశారు. వసంత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాయికుమార్ లేచి పోయి, "ఏంది, సిన్మా నడుస్తున్నదా? కరెంటొస్తే పిలుస్త, పోండ్రి" అని వాళ్లను పంపించి తలుపు దగ్గరికి వేశాడు.

మనిషి మంచివాడే. స్టూలు వేసి మంచినీళ్లిచ్చాడు. అప్పుడు ఇద్దరూ మామూలు గొంతుతో మాట్లాడుకున్నారు.

"అక్కా, నీ బుగులు నాకు సమజైంది. గని ఒక్కటి చెప్త ఇను. ఆడికి రోజుకు లారీల కొద్దీ అస్తయి. ఎవలది ఏముందని సూసెటంత తీరిక ఎవలికుంటది? మిషిను పెడ్తరు, తుడుస్తరు, లేసేది లేస్తది, లేవంది చెత్తల వడ్తది. నీ పెండ్లిపిల్లలను ఎవలూ సూడరు."

వసంతకు ఆ మాట నిజమనే అనిపించింది. ఎవరు చూస్తారు? ముహూర్తాలు నెత్తిమీద ఉన్నాయి. బదులు డిస్కు ఊరికే వస్తుంది. ఇప్పుడు లేచి ఇంటికి పోయినా ఎవరూ తప్పుపట్టరు. అతడు చెప్పిందే రాజవ్వకు చెప్పొచ్చు.

చెప్పొచ్చు గానీ, ఎవరైనా చూస్తారా అని ఆ తల్లులు అడగలేదు. ఎటూ పోదు కదా అని అడిగారు. తాను పోదని చెప్పింది.

"నువ్వు చెప్పింది నిజమే తమ్మీ. అయినా ఇయ్యి."

"ఒకసారి వాపస్ తీసుకుంటే ఈ క్లెయిమ్ రద్దయితది. మళ్ల మొదటికెళ్లి పెట్టాలె."

"రద్దయితే కానియ్యి."

సాయికుమార్ పెట్టెలో వెతికి, ప్లాస్టర్ మీద పేరు చూసి, డిస్కు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఊరికే ఉన్నప్పుడు అది బరువుగా, చల్లగా ఉంది. వసంత దాన్ని సంచిలో పెట్టుకోబోయి ఆగింది.

"దీని మీద సీలు అంటరు గదా, ఏది?"

"ఇగో ఈ చీటీ. ఇది చింపితే ఇగ కంపెనీ దీన్ని ముట్టుకోదు."

"నీ దగ్గర పానా ఉన్నదా?"

"ఇంటికి పోయి నిమ్మళంగ ఆలోచించుకో అక్కా. ఇయ్యాల్నే ఎందుకు?"

"ఇంటికి పోతే బుద్ధి మారుతది. అట్లనే పెట్టుకొని కూసుంటే పెండ్లిళ్లు మొదలైనంక ఏమో, సూసెటోడెవడు అని నేనే పంపుత. నా సంగతి నాకెరుక."

ఆమె గోటితో చీటీ లేపి చర్రున చింపింది. నక్షత్రంలా ఉండే మరలకు సరిపోయే పానా అతడే ఇచ్చాడు. మూత తీస్తే లోపల ఒకదాని మీద ఒకటి పళ్లేలు ఉన్నాయి. అప్పుడే తోమిన స్టీలు పళ్లేలు కూడా అంత మెరవవు. వసంత ముఖం, నుదుటి బొట్టుతో సహా అందులో కనపడింది. ఇంతమంది పిల్లల పసుపు నీళ్లు ఇందులో ఉన్నాయంటే నమ్మబుద్ధి కాలేదు. సాయికుమార్ పక్క షెడ్డు మెకానిక్‌ను అడిగి ఆకురాయి తెచ్చిచ్చాడు. ఆమె ఒక్కో పళ్లేన్ని ఒడిలో పెట్టుకొని, రెండు వైపులా, మెరుపు పోయి బూడిదరంగు వచ్చేదాకా రాకింది. చేతులు నొప్పి పెట్టాయి. మధ్యలో కరెంటు వచ్చి మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. ఆ రాకుడు చప్పుడు ఇక ఎవరికీ వినపడలేదు.

వచ్చేటప్పుడు బస్సు రుద్రంగి మీదుగా వచ్చింది. దిగి తల్లిని చూసి పోదామా అనుకుంది గానీ దిగలేదు. గదికి ఇన్వర్టర్ పెట్టించాలన్న ముచ్చటను వచ్చే ఏటికి జరిపితే కొత్త డిస్కు వస్తుందని లెక్క వేసుకుంటూ కూర్చుంది.

రాజవ్వ గుమ్మంలోనే ఉంది. వసంత దాచకుండా చెప్పింది. "అవ్వా, మంగ నలుగు ఎటూ పోలేదు. గని నా దగ్గర సుత లేదు. నా చేతుల్తోనే రాకిన. మీకిచ్చిన సిన్మా ఒక్కటే మిగిలింది."

రాజవ్వ లోపలికి వచ్చి, డబ్బా ఉండే చోటు వైపు ఒకసారి చూసి కూర్చుంది.

"సిన్మా సాలు తియ్యి" అంది. తర్వాత గొంతు తగ్గించి, "లోపల ఎట్లుంటదే? సూసినవా? ఏముంటది?" అని స్టూలు దగ్గరికి జరుపుకుంది.

ఆ తరువాత వసంత ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి ఇదే చెప్పింది. ఇద్దరు ముగ్గురు బాధపడ్డారు. ఒకామె తిట్టింది కూడా. మిగతావాళ్లు పోనీలే అన్నారు. ఫోన్ చేస్తున్నంతసేపూ ఆమెకు ఒకటే అనిపించింది. డిస్కు బతికున్నప్పుడే ఎవరిది వాళ్లకు అప్పజెప్పి తుడిచేస్తే, అది చచ్చాక ఈ తిప్పలుండవు. ఇన్నాళ్లూ దాచిపెట్టడమే నమ్మకం అనుకుంది.

శ్రావణంలో మొదటి పెళ్లి రుద్రంగి ఇంద్రమ్మ బిడ్డది. సినిమా తయారయ్యాక వసంత ఇంద్రమ్మను పిలిపించింది. పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, "ఇందుల సిన్మా ఉన్నది, లోపలి అర్రల తీసినయన్ని ఉన్నయి. ఇగ నా దాంట్ల ఉన్నయి నీ ముందల్నే తుడుస్త" అంది.

ఇంద్రమ్మ ఉలిక్కిపడింది. "పెండ్లిపిల్ల పసుపు తుడుసుడా? నోట్లెకెళ్లి గట్లాంటి మాట రానియ్యకు వసంతా! నిన్న గాక మొన్న తాళి కట్టిచ్చుకున్న పిల్ల!"

వసంత నాలుక కరుచుకుంది. ఇంత ఆలోచించిన మనిషికి ఈ సంగతి తోచనే లేదు. పుష్ప ఆమె వైపు చూసింది, ఆమె పుష్ప వైపు చూసింది. ఆడవాళ్ల గుట్టు ఒక పక్క, ఆడవాళ్ల ఐదోతనం ఇంకో పక్క.

"వదినె, బిడ్డను సాగనంపినప్పుడు ఏం జేసినవు?" అని అడిగింది వసంత.

"ఏం జేస్త? ఒడిబియ్యం పోసిన. ఏడ్సిన. పంపిన."

"గట్లనే అనుకో. మా ఇంట్లకెళ్లి మీ ఇంటికి సాగనంపుతున్నం. ముందుగాల ఒడిబియ్యం పోద్దాం, పట్టు."

వంటింట్లోంచి పసుపు కలిపిన గుప్పెడు బియ్యం తెచ్చి, ఇంద్రమ్మ కొంగులో పోసి, ఆ బియ్యం మీద పెన్‌డ్రైవ్ పెట్టింది. పుష్ప నవ్వు ఆపుకోలేక కెమెరా సంచి సర్దుతున్నట్టు వంగిపోయింది. ఇంద్రమ్మ మాత్రం నవ్వలేదు. కొంగు ముడి వేసి, నడుముకు దోపుకుంది.

"ఇగ నువ్వే ఒత్తు" అని వసంత కుర్చీ జరిపి, మౌసు ఆమె వైపు తోసింది.

"నాకేమెరుక? ఏడ?"

"ఇగో, ఈడ."

ఇంద్రమ్మ వేలికి అంటిన పసుపును కొంగుకు తుడుచుకుంది. తెర మీద కూర్చున్న బిడ్డను ఒకసారి చూసుకుంది. ఒత్తింది.